దశావతారములు, డార్విను, మన మేనరికములు

2019 జనవరి 4వ తేదీన జలంధరు నగరమున భారత విజ్ఞాన మహాసభ జరుగుచుండగా, విద్యార్థులును శాస్త్రజ్ఞులును వినుచున్న వేదికమీదనుండి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నాటి ఉపకులపతిగారు ఒక మాట సెలవిచ్చిరి. దశావతార క్రమము డార్విను చెప్పిన పరిణామవాదముకంటె మేలైన సిద్ధాంతమని వారి యభిప్రాయము. మొదట నీటిలోని చేప. పిమ్మట నీటను నేలను తిరుగు తాబేలు. పిమ్మట నేలమీది వరాహము. ఆపైని సగము మృగమును సగము మనుష్యుడునైన నరసింహుడు. ఆపైని పొట్టివాడైన వామనుడు. తరువాత సంపూర్ణ మానవులు. కౌరవుల జననము నేటి పరీక్షనాళికా శిశువుల విద్యయే యని కూడ వారు చెప్పిరి.

1926లో స్థాపితమైన ఆ పరిషత్తునకు తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1914లో కవిత్వతత్త్వ విచారమును ప్రకటించి తెలుగువారికి నిర్మొగమాటపు విమర్శను నేర్పిన రాయలసీమ పండితు డాయన. అట్టి పీఠమునుండి వెలువడిన మాటను పరీక్షింపక విడుచుట ఆ పీఠమునకే గౌరవము కాదు. ఇది యెప్పటిదో గదా, నేడేల త్రవ్వుట యని కొంద ఱనవచ్చును. బడిపంతుళ్లమైన మా కది పాతబడలేదు. పదవ తరగతి పిల్లలు ఏటేట దానిని ప్రశ్నలుగా మార్చి మా ముందఱ పెట్టుచున్నారు. ఆ ప్రశ్నలు ముఖ్యముగా మూడు. మనిషి కోతినుండి పుట్టినయెడల కోతు లింకను ఏల యున్నవి? జీవి మాఱుట ఎవరైన కన్నులార చూచిరా? మేనమామను పెండ్లాడిన నేమగును? ఈ మూడింటికిని దశావతారముల పోలికకును సంబంధ మున్నదని చూపుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

మొదట పోలిక కీయవలసిన గౌరవ మీయవలెను. ఇది 2019లో పుట్టినది కాదు. 1882లోనే బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్రసేనుడు అవతార క్రమమున జీవపరిణామపు ఛాయను చూచి ప్రసంగించెను. ఆయన సంస్కర్త, క్రొత్త శాస్త్రమును చూచి భక్తుడు భయపడనక్కర లేదని ధైర్యము చెప్పుటకు ఆ పోలిక నాడు అక్కరకు వచ్చెను. ఆనాడది తలుపు తెఱచుటకు వాడిన తాళపుచెవి. ఈనాడు మనవారు అదే చెవితో తలుపు మూయుచున్నారు. మన పెద్ద లిదివఱకే చెప్పిరి గనుక మనము క్రొత్తగా చదువవలసినది లేదను ధీమా పిల్లవాని మనసున నాటుకొన్నచో, వాడు పురాణమును చదువడు, శాస్త్రమును చదువడు.

పురాణమును చదువడని ఊరక యనలేదు. చదివినవారికి ఈ క్రమము అంత సులభముగా కుదురదు. భాగవతము ప్రథమస్కంధమున మూడవ యధ్యాయము అవతారములను వరుసగా లెక్కించుచున్నది. అందు వరాహము రెండవది, మత్స్యము పదియవది, కూర్మము పదునొకండవది, నరసింహుడు పదునాల్గవవాడు. అనగా పంది చేపకంటె ముందు వచ్చినది. పది యవతారముల పట్టికను మాత్రమే గ్రహించి ఈ పట్టికను విడుచుట ఏ న్యాయమున? అదియు నుండనిండు. మత్స్యావతార కథనే తీసికొందము. శతపథ బ్రాహ్మణమున మనువు చేతులు కడుగుకొనుచుండగా నీటిలో చిన్న చేప కనబడును. భాగవతమున సత్యవ్రతుడను రాజు కృతమాలా నదిలో తర్పణము విడుచుచుండగా అతని దోసిటిలో చేప చేరును. చేప వచ్చునప్పటికే మనుష్యు డున్నాడు, రాజ్య మున్నది, తర్పణవిధి యున్నది. కూర్మము మందరమును మోయునప్పటికి దేవాసురు లిరువాగులును త్రాడు పట్టుకొని సిద్ధముగా నున్నారు. ఇక నరసింహుడు స్తంభమునుండి వెలువడునప్పటికి ప్రహ్లాదునికి చదువు చెప్పుటకు చండామార్కులవంటి బడిపంతుళ్లు కూడ పుట్టియున్నారు!

అసలు భేదము మాటలోనే యున్నది. అవతారమనగా దిగుట. పరమాత్మ పైనుండి దిగివచ్చి, పని నెఱవేర్చి, మరలిపోవును. ఆ చేపకు పిల్లలు కలిగి, వారి మనుమలు తాబేళ్లయిరని ఏ పురాణమును చెప్పలేదు. 1859లో డార్విను ప్రకటించిన సిద్ధాంతమున కంతకును ఆధారము సంతతి. తల్లిదండ్రులనుండి బిడ్డలు పుట్టుట, బిడ్డలలో కొంచెము కొంచెము భేదములుండుట, ఆ భేదములు కొన్ని బిడ్డలకు సంక్రమించుట, పుట్టినవారందఱును బ్రతికి పిల్లలను కనలేకుండుట: ఈ నాలుగును కలిసిన చోట తరములు గడచుకొలది జాతి మాఱును. ఒకటి అవతరణము, మఱొకటి సంతానము. రెంటిని ఒకటి చేయుట డార్వినుకు చేసిన అన్యాయముకంటె వ్యాసునికి చేసిన అన్యాయమే పెద్దది. అహోబలము కొండనెక్కు భక్తుడు సింహమునకును మనుష్యునికిని నడుమనున్న జంతువును చూడబోవుటలేదు. పసివాని మాట నిలుపుటకై రాతికంబమునుండియైనను వెలువడు కరుణను చూడబోవుచున్నాడు. ఆ కథ సత్యము వేఱు రీతిది. దానికి జంతుశాస్త్రపు యోగ్యతాపత్ర మక్కఱ లేదు.

ఇక ఈ పోలిక పిల్లల బుద్ధిలో విడిచిపోవు పొరపాటు నొకదానిని చూపవలెను. అవతారములను వరుసగా పేర్చినపుడు అది నిచ్చెన యగును: చేప క్రింది మెట్టు, మనిషి పై మెట్టు. పరిణామమును నిచ్చెనగా తలచినవానికే మొదటి ప్రశ్న పుట్టును. కోతి మెట్టునుండి మనిషి మెట్టునకు అందఱును ఎక్కిపోయినచో, క్రింది మెట్టున ఇంకను ఎవరేల మిగిలిరి? నిచ్చెనను తీసివేసి వంశవృక్షమును నిలిపినచో ప్రశ్నయే లేదు. మన పినతండ్రి కొడుకు మన యింటి కెదురుగా కాపురమున్నాడు. మనము పుట్టితిమి గదా, అత డింకను ఏల యున్నాడని యెవరును అడుగరు. కోతి మనకు తాత కాదు, జ్ఞాతి. కొండలమీద తిరుగు కోతులకును కొండముచ్చులకును మనకును ఉమ్మడి పూర్వులు సుమారు రెండున్నర మూడుకోట్ల యేండ్లనాడు ఉండిరి. ఆఫ్రికాలోని చింపాంజీలకును మనకును కొమ్మ చీలి అఱువది డెబ్బది లక్షల యేండ్లయినది. వారి కొమ్మ వారు పెంచుకొనిరి, మన కొమ్మ మనము.

ఈ వృక్షమున ఎండిన కొమ్మలును పెక్కు లున్నవి. వాని గుఱుతు చూచుటకు దూరదేశము పోనక్కఱ లేదు. కర్నూలు సీమలో బేతంచెర్ల దగ్గఱి బిల్లసర్గము గుహలను 1880 దశకమున రాబర్టు బ్రూసు ఫూటును ఆయన కుమారుడును త్రవ్వించి యెముకలను వెలికి తీసిరి. వానిని పరీక్షించిన లిడెక్కరు అందొక ఖడ్గమృగమును గుర్తించి, 1886లో దానికి మన కర్నూలు పేరే పెట్టెను. ఈ ఎండు నేలమీద ఒకప్పుడు ఖడ్గమృగము మేసినది! నేడు లేదు. అది క్రింది మెట్టున నిలిచిపోయినది కాదు, పై మెట్టు ఎక్కినదియు కాదు. దాని సంతతి తెగినది; అంతియే. నిచ్చెన చెప్పలేని ఈ సంగతిని చెట్టు చెప్పగలదు.

రెండవ ప్రశ్నకు వత్తము. ఎవరు చూచిరి? ఆదోని విపణికి ప్రత్తిబండి తోలు ప్రతి రైతును చూచినాడు. కాయతొలుచు పురుగునకు విషమగు పదార్థమును మొక్కయే తయారుచేసికొనునట్లు జన్యువును చేర్చిన బీటీ ప్రత్తికి 2002లో మన దేశమున అనుమతి దొరికినది. 2006లో రెండు జన్యువులు గల రకము వచ్చినది. మొదటి రకమునకు లొంగని గులాబిరంగు పురుగు గుజరాతులో కనబడినట్లు 2010లో ప్రకటించిరి; 2015 నాటికి రెండవ రకమునకును లొంగని పురుగు తేలినది. తరువాత మన సీమ రైతులును ఆ పురుగుచేత నష్టపడిరి. ఒక ముసలి రైతు మాతో ననెను: "అయ్యవారూ, పురుగు మందుకు అలవాటు పడిపోయింది." ఈ మాట జిల్లా యంతటను వినవచ్చును, చదువుకొన్నవారును ఇట్లే యందురు. మాటయందు తప్పున్నది. త్రాగుబోతు సారాయికి అలవాటు పడినట్లు ఏ పురుగును విషమునకు అలవాటు పడలేదు. అలవాటు పడవలసినవి చచ్చినవి. లక్షలలో ఎక్కడనో విషము తలకెక్కని జన్యుభేదముతో పుట్టిన కొన్ని మాత్రము బ్రతికి, తమలో తాము జతకూడి, అట్టి పిల్లలనే కన్నవి. కొన్నియేండ్లలో చేనంతయు వాని సంతతియే.

ఇది మాటలపట్టింపు కాదు. విత్తనపు సంచితోకూడ 450 గ్రాముల బీటీ గింజలకు 120 గ్రాముల మామూలు గింజల పొట్ల మొకటి యిచ్చుచుండిరి. దానిని చేనిచుట్టు వరుసలుగా నాటవలెను. అచ్చట విషమునకు లొంగు పురుగులు బ్రతికియుండి, లొంగనివానితో జతకూడి, వాని బలమును పలుచన చేయునని దాని యుద్దేశము. రైతులలో పెక్కండ్రు ఆ పొట్లమును నాటలేదు. పురుగులకు మేత వేయుట యెందులకని పాఱవేసిరి. వారిని నిందించుట ధర్మము కాదు. పొట్లము నిచ్చినవారు దాని వెనుకనున్న డార్వినును ఈయలేదు. "అలవాటు" అను మాటతో సరిపెట్టుకొన్న చోట ఆ పొట్లమునకు అర్థము లేదు. "సంతతి" అను మాట తెలిసిన చోట దానిని నాటకుండుట కష్టము.

నిచ్చెన భ్రాంతి మనదేశపువారికే గలదని మేము చెప్పబోము. డార్విను బంధువే యైన ఫ్రాన్సిసు గాల్టను 1883లో సుప్రజననమను విద్యకు పేరు పెట్టెను. మేలిజాతివారు, కీడుజాతివారు అని మనుష్యులను మెట్లమీద నిలబెట్టి, క్రిందివారికి సంతానము కలుగకుండ చేయవలెనను వాదము దానినుండి పెరిగినది. అమెరికాలో ఎందఱకో బలవంతముగా శస్త్రము చేసిరి. జర్మనీలో అది మారణహోమము వఱకు పోయినది. వారును పరిణామమను చెట్టును నఱికి నిచ్చెన చేసికొన్నవారే. కులమును నిచ్చెన చేసికొన్న దేశమున పుట్టిన మనము ఈ భ్రాంతికి వారికంటె ఎక్కువ జాగ్రత్తపడవలెను.

ఇట్టి స్థితిలో 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి విజ్ఞాన పుస్తకమునుండి పరిణామ భాగమును తొలగించినది. "అనువంశికత, పరిణామము" అని యుండిన పాఠము "అనువంశికత" యైనది. పిల్లల భారము తగ్గించుటకని చెప్పిరి. పండ్రెండవ తరగతి జీవశాస్త్రమున ఆ పాఠ మున్నదనియు చెప్పిరి. అది నిజమే, కాని పదవ తరగతి తరువాత జీవశాస్త్రమును పట్టువా రెందఱు? పెండ్లియై పోవు ఆడపిల్ల లెందఱు? పదునెనిమిది వందలకు పైగా శాస్త్రజ్ఞులును ఉపాధ్యాయులును ఆ తొలగింపును ఖండించుచు వ్రాలు చేసిరి. మా యాక్షేపణ మఱొకటి. పరిణామమును తీసి అనువంశికతను మాత్రము ఉంచుట వేళ్లు తెగగొట్టి కొమ్మకు నీరుపోయుటవంటిది. ఆ రెండును ఒకే కథ. ఆ కథ మన యిండ్లలో జరుగుచున్నది. మూడవ ప్రశ్న అదియే.

ఆ ప్రశ్న నడిగినది పదునాఱేండ్ల పిల్ల. తరగతిలో నడుగలేదు, అందఱును పోయిన పిమ్మట తలుపు దగ్గఱ నిలిచి యడిగినది. ఆమెను తల్లి తమ్మునికిచ్చుటకు పెద్దలు మాట యనుకొనిరి. "అయ్యవారూ, మీరు చెప్పిన బఠానీగింజల పాఠం మనుషులకు కూడా వర్తిస్తుందా?" అన్నది. దానికి సమాధానముగా మేము చెప్పినది ఇచ్చట వ్రాయుచున్నాము.

మేనరికము క్రొత్తది కాదు. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని వివాహమాడుటను బౌధాయన ధర్మసూత్రము దక్షిణాపథపు ఆచారములలో చేర్చి చెప్పినది. ఉత్తరపువారికి అది తగదనియు సూచించినది. 1955 హిందూ వివాహ చట్టము మేనమామ మేనకోడండ్రను, అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర బిడ్డలను నిషిద్ధ సంబంధములలో పేర్కొన్నది. అయినను ఇరువైపుల ఆచార మంగీకరించినచోట విడిచినది. ఆస్తి చెదరదు, ఆడపిల్ల పరాయి యింట కన్నీరు పెట్టదు, కట్నము తగ్గును: మన పెద్దలు దీనిని పట్టుకొనుటకు కారణములు లేకపోలేదు. వారిని మూర్ఖులనుట మా కిష్టము కాదు.

డార్వినే మేనరికము చేసికొన్నవాడు! 1839లో ఆయన పెండ్లాడిన ఎమ్మా వెడ్జివుడ్డు ఆయన తల్లికి స్వయాన అన్నదమ్ముని కూతురు. తెలుగు లెక్కలో అచ్చమైన మేనమామ కూతురు. వారికి పదిమంది పిల్లలు. ముగ్గురు చిన్నతనముననే పోయిరి. పదియేండ్ల ఆనీ 1851లో పోయినపుడు ఆ తండ్రి దుఃఖమునకు మేరలేదు. ఆ కాలమున అంటురోగములు ప్రతి యింటను పిల్లలను తినుచుండెను గనుక ఆ చావులన్నింటికిని మేనరికమే కారణమని చెప్పజాలము. కాని ఆయనను ఆ భయము విడువలేదు. మొక్కలను తమలో తమకును, పరాయివానితోను కలిపి ఏండ్లతరబడి పరీక్షించి, తమలో తాము కలిసినవాని సంతతి తఱచుగా బలహీనమగునని 1876లో గ్రంథము వ్రాసెను. అంతకుముందు 1871 జనాభా లెక్కలలో దగ్గఱి బంధువుల వివాహములను గూర్చిన ప్రశ్న చేర్చవలెనని ఇంగ్లండు శాసనసభను కోరించెను. సభ నిరాకరించెను. తన యింటి ప్రశ్నను దాచుకొనక లోకపు ప్రశ్నగా చేసిన ఆ ధైర్యమును మే మాయన సిద్ధాంతముతో సమానముగా గౌరవింతుము.

డార్వినునకు దొరకని సమాధానము మెండెలు తోటలో నుండెను. 1866లో అచ్చయిన ఆయన లెక్కలను 1900 వఱకు లోకము పట్టించుకొనలేదు. గుండ్రని బఠానీని ముడుతల బఠానీతో కలిపిన తొలితరమున అన్నియు గుండ్రనివే. ముడుత పోయినదనుకొందుము. ఆ గింజలను నాటి మరుతరము చూచిన 5474 గుండ్రనివి, 1850 ముడుతవి: మూటికి ఒకటి. ముడుత పోలేదు; ఒక తరము మౌనముగా నుండి తిరిగి మాటాడినది. గుణములు పాలును నీరును వలె కలిసిపోవు. ప్రతి జన్యువునకును మనలో రెండు ప్రతులు: తల్లి యిచ్చిన దొకటి, తండ్రి యిచ్చిన దొకటి. ఒకటి చెడినను రెండవది మంచిదైనచో పెక్కు వ్యాధులలో మనకు ఏమియు తెలియదు. అట్టి మౌనపు తప్పులు ఏవో కొన్ని లేని మనుష్యుడే లేడు. రెండు ప్రతులును ఒకే తీరుగా చెడినపుడే వ్యాధి: థలసీమియా యట్టిది, పుట్టుచెవుడులో పెక్కు రకము లట్టివి.

ఇప్పుడు అవ్వ యొకతెకు ఒక మౌనపు తప్పున్నదనుకొందము. ఆమె కొడుకునకు రావచ్చును, కూతునకును రావచ్చును, కూతునుండి మనుమరాలికిని రావచ్చును. కొడుకునకు మనుమరాలి నిచ్చినపుడు ఒకే తప్పు రెండు దారుల నడచి వచ్చి ఒక బిడ్డలో కలిసికొనును. ఇట్లు ఒకే పూర్వునినుండి రెండు ప్రతులును వచ్చు నవకాశము ఏ జన్యువునకైనను మేనమామ మేనకోడండ్ర బిడ్డకు ఎనిమిదింట ఒక పాలు. మేనత్త మేనమామ బిడ్డల సంతానమునకు పదునాఱింట ఒక పాలు. ఏ బంధుత్వమును లేని దంపతులకును నూటికి రెండు మూడు కాన్పులలో పుట్టుక లోపము లుండును. మేనత్త మేనమామ బిడ్డల దాంపత్యమున అది ఇంచుమించు రెట్టింపగును. అనగా పెక్కుమంది పిల్లలు ఆరోగ్యముగనే పుట్టుదురు. మా తాతలు చేసికొనలేదా, మాకేమైన దని యడుగువారు అబద్ధమాడుట లేదు. బ్రతికి యడుగువారు గనుక అట్లడుగుచున్నారు. ఇంకొక భ్రమయు కలదు. తల్లిదండ్రు లిద్దఱును ఒకే మౌనపు తప్పు గలవారైనచో ప్రతి కాన్పునకును నాలుగింట ఒక పాలు ప్రమాదము. ఒక బిడ్డ వ్యాధితో పుట్టినది గనుక ఇక మూడు కాన్పులు నిర్భయమనుట తప్పు. ప్రతి కాన్పును క్రొత్త పందెమే.

ఈ లెక్కలు సీమదొరలకు మాత్రమే చెందినవని తలపవలదు. 1957లో ఇంగ్లండును విడిచి మనదేశమునకు వచ్చి భారతపౌరుడైన హాల్డేను, ఆంధ్రదేశపు మేనరికములు జన్యుశాస్త్రమునకు ఎంత యమూల్యమైన విషయమో గ్రహించెను. పిఠాపురమున పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావుగారు ఆయన శిష్యులై, ఆంధ్రదేశమున దగ్గఱి వివాహములను, వాని ఫలితములను లెక్కించి 1960 దశకమున ప్రకటించిరి. హాల్డేను 1964లో భువనేశ్వరమున మరణించి, ఆయన కోరికమేరకు ఆయన దేహము కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేరినది. ఈ గురుశిష్యుల కథలో మా పిల్లలకు తప్పక చెప్పు ముచ్చట మఱొకటి. మగవారి చెవులమీద వెండ్రుకలు పెరుగు గుణము తండ్రినుండి కొడుకునకే వచ్చు వై వర్ణదండము మీద నున్నదని కృష్ణారావుగారు తమ వంశమునే లెక్కించి 1960లో ప్రతిపాదించిరి. చాలకాలము దానిని చాలమంది నమ్మిరి. 2004లో వై వర్ణదండములను సూక్ష్మముగ పరీక్షించి, అది నిజము కాదని తేల్చిరి. ఎవరి పరువును పోలేదు. ఏ పరీక్షలో ఓడిపోగలదో ముందుగా చెప్పలేని మాట సిద్ధాంతము కానేరదు. దశావతార సిద్ధాంతము ఏమి కనబడిన తప్పగును? ఏమియు లేదు. అది భక్తికి బలమే. శాస్త్రమునకు అదియే లోపము.

మేనరికమును మానిన కులములును మేము నిర్భయులమని తలపరాదు. వేలయేండ్లుగా కులములోనే చేసికొనుట పెద్ద మేనరికము. హైదరాబాదు జీవకణ పరిశోధనాలయపు లాల్జీసింగు, తంగరాజు గారలు విదేశపు పండితులతో కలిసి 2009లో ప్రకటించిన పరిశోధనమున, ఆంధ్ర వైశ్యులు రెండు మూడువేల యేండ్ల క్రిందటి కొద్దిమంది పూర్వులనుండి విస్తరించిరనియు, బయటి రక్తము ఇంచుమించు చేరలేదనియు తేలినది. శస్త్రచికిత్సలో కండరములను సడలించు సక్సినైల్ కోలీను అను మందు కొందఱకు నిమిషములకు బదులు గంటలు పనిచేయును. ఆ జన్యులోపము వారిలో ఇతరులకంటె మిక్కిలి హెచ్చు. ఇది నింద కాదు. ముందుగా తెలిసిన వైద్యుడు ప్రాణము నిలుపగలడు. ఇట్టిది ఒక్క కులపు సంగతియు కాదు. 2017లో 263 దక్షిణాసియా సముదాయములను పరీక్షింపగా 81 ఈ స్థితిలో నున్నట్లు కనబడినది. మఱియు 2013 నాటి పరిశోధన మొకటి, సుమారు 4200 నుండి 1900 యేండ్ల క్రిందటి నడుమ ఈ దేశపు జనులు దాదాపు అందఱును ఒకరితో నొకరు కలిసిరనియు, తలుపులు మూసికొనుట తరువాతనే యనియు చూపినది. రక్తశుద్ధి యని మనము గర్వించునది, కలిసిన నీటిని కుండలలో పోసి మూతలు పెట్టుటయే.

ఇదంతయు విని ఆ పిల్ల కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "మా వంశవృక్షంలో మా అమ్మమ్మ పేరు లేదు" అన్నది. మేము పుస్తకములలో నేర్వని పాఠ మది. మన యిండ్లలో వ్రాసిపెట్టుకొన్న వంశవృక్షములను తీసి చూడుడు. తాత, తండ్రి, కొడుకు, మనుమడు. గోత్రము పోవు దారి మాత్రమే దానిలో నున్నది. కాని జన్యువులు సగము తల్లివి. మేనరికము నడచునది స్త్రీలగుండా. స్త్రీలను వ్రాయని పటమున అది కనబడదు. ఒకే అవ్వ రెండు దారుల వచ్చిన సంగతి, పురిటిలోనే పోయిన శిశువులు, మాటరాని మేనత్త, ఇవేవియు అందు లేవు. అది వృక్షము కాదు. అదియు నిచ్చెనయే.

కావున ఈ పత్రికను చదువు గృహస్థులకును గృహిణులకును మా మనవి. దశావతారములను పిల్లలకు చెప్పుడు. కథగా, భక్తిగా, సొంపుగా చెప్పుడు. పరిణామమును వేఱుగా, సంతతిగా చెప్పుడు. పెండ్లిమాటలకు కూర్చొనుటకు ముందు ఒక పెద్ద కాగితము తీసికొని అమ్మమ్మల, నాయనమ్మల, వారి అక్కచెల్లెండ్ర పేర్లు వ్రాయుడు. బ్రతుకని బిడ్డలకును ఒక గుఱుతు పెట్టుడు. ఇంటిలోని ముసలమ్మల నడిగిన వారు చెప్పుదురు; ఇదివఱకు వారిని ఎవరును అడుగలేదు. ఆపైని ఎవరి నెవరికీయవలెనో ఆ కాగితమును ముందు పెట్టుకొని యోచింపుడు. సందేహ మున్నచో వైద్యునికి చూపుడు. ఆ పిల్ల తన కాగితమును వ్రాసి తండ్రి చేతి కిచ్చినది. తండ్రి దానిని చూచి, మాట యనుకొన్న పెద్దలను మరల పిలిపించినాడని విన్నాము. వారేమి నిశ్చయింతురో ఇది వ్రాయునాటికి మాకు తెలియదు.